కడుపుబ్బి చచ్చిన కంప్యూటర్ మేక

ఆ రోజుల్లో మా ఆళ్లగడ్డకు చావు కబురు తెచ్చేవాళ్లు వీధి మొదట్లోనే ఏడుపు అందుకునేవాళ్లు. నా మేక చచ్చిన కబురు నంద్యాల నుంచి ముందుగా మోసుకొచ్చిన మా పిన్ని మాత్రం నవ్వు ఆపుకోలేక గడపలోనే కూలబడింది. (ఆ నవ్వును క్షమించే మనసు ఇమ్మని ఇప్పటికీ ప్రార్థిస్తున్నాను. జవాబు ఇంకా రాలేదు.) "అక్కా, నీ కూతురి మేక కడుపుబ్బి సచ్చిపాయనంట" అంది. మా అమ్మ బియ్యం చేట కింద పెట్టి, "మనకు మేక యాడిదే?" అంది. "కంప్యూటర్లో మేకంట. మా పాప ఈమెతోనే నేర్చుకుంటాది గదా, అది చెప్పింది. ఆడ అందురూ పడీపడీ నవ్వుతాండారంట." "లేని మేక సచ్చిందని చెప్పనీకి బస్సెక్కి వచ్చినావా" అని అమ్మ మళ్లీ చేట అందుకుంది. జ్వరంతో పడుకున్న నేను దుప్పటి తన్నేసి లేచాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. చిన్నప్పుడు ఆయాసం వల్ల నేను బడి మెట్లెక్కలేదు. అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. చూపించడానికి సర్టిఫికెట్టు లేదు. నంద్యాలలో నేను నేర్చుకుంటున్న కంప్యూటర్ సెంటరు సారు, ఎవరి ప్రోగ్రాము వారం రోజులు నిలబడితే వాళ్లకే కొత్త బ్యాచికి పాఠాలు చెప్పే ఉద్యోగం అన్నాడు. అందుకని ఒక వెబ్ పేజీలో మేకను పెంచే ఆట రాశాను. మేత, నీళ్లు, నిమరడం అని మూడు బటన్లు. ఒక్క రోజు మేత లేకుంటే చావాలి, మితిమీరి తింటే కడుపుబ్బి చావాలి. ఆ రెండు నియమాలూ నేను రాసినవే. మేకల మధ్య పెరిగినదాన్ని, నాకు తెలియదా. (బొమ్మ మాత్రం కొమ్ములున్న కుక్కలా వచ్చింది.) ఆ మేకే నా సర్టిఫికెట్టు.

సోమవారం పొద్దున మేకను పెట్టి, జ్వరమొచ్చి నేను ఇంటికి వచ్చేశాక మిగతా పందొమ్మిది మందీ పందొమ్మిది కంప్యూటర్ల ముందు కూర్చుని ఒకేసారి మేత పెట్టారు. అన్నిటిలోనూ ఉన్నది ఒకటే మేక. మనిషికొక మేక ఉండాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఎట్లా వస్తుంది? మా వీధిలో చర్చి కోతల పండుగకని దేవుని పేర ఒక మేకను వదిలేవాళ్లు. దారిన పోయే ప్రతివాళ్లూ దానికి గుప్పెడు ఆకు వేసేవాళ్లేగాని, నాది అన్నవాళ్లు లేరు. ముందు వేసినవాళ్లను చూసి వెనకవాళ్లు చెయ్యి ఆపేవాళ్లు. ఆ మాత్రం ఇంగితం చదువుకున్నవాళ్లకు ఉండదని నేను కలగన్నానా?

మంగళవారం పోయి ఇదే మాట సారుతో అన్నాను. "మనిషికొకటి ఉండల్ల గదమ్మా" అన్నాడాయన. "పందొమ్మిది మంది మీద పడి మేపితే ఏ మేక బతుకుతాది సార్? తప్పు మేపినోళ్లది." ఆయన నెమ్మదిగా కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇస్కూలుకు పోయింటే ఎవురి పలక వాళ్లదని తెలిసిండేది నీకు" అన్నాడు. గదంతా గొల్లుమంది. ఆ రోజు ప్రార్థనలో సారును తలుచుకున్నాను గాని, ఆయన మేలు కోరి కాదు. పోయేముందు ఆయన ఒక్క మాట అన్నాడు: "వచ్చే సోమారం నాటికి ఒక్క మేకన్నా బతికింటే చూద్దాంలే."

రెండు రోజులు కూర్చుని ఇరవై మందికీ ఇరవై మేకలు చేశాను. గది ఊడ్చే ఆయమ్మ చీపురు పట్టుకుని నా వెనకే నిలబడి చూస్తోంది. "పాపా, నాకూ ఒకటి పెట్టు." "నీకు చదవను రాదు గదా ఆయమ్మా." "మేత ఎయ్యనీకి సదువెందుకు? ఆ పచ్చదాన్ని నొక్కితే తింటాది, చూస్తాండా గదా." విసుగుతోనే తలుపు పక్కనున్న కంప్యూటర్లో ఇంకొకటి పెట్టాను. "పొద్దున నాలుగుసార్లు నొక్కు, అంతకుమించి వద్దు" అని గట్టిగా చెప్పాను.

సోమవారం తెరిచి చూస్తే ఇరవై మేకలూ ఆకలితో చచ్చి ఉన్నాయి. ఎవరి పలక వాళ్లదని నవ్వినవాళ్లు ఎవరి మేకను వాళ్లు రెండో రోజుకే మరిచిపోయారు. వాళ్లను కడిగేద్దామని నోరు తెరిచేసరికి నా మేకా వెల్లకిలా కనబడింది. నేను ఆదివారం ప్రార్థనలో ఉన్నాను, సెంటరుకు తాళం. (ఆదివారం ఒకటి వస్తుందని రాసేటప్పుడు నాకే తోచలేదు. ఆదివారం మరిచిన భక్తురాలు.) కంప్యూటర్ కట్టేస్తుంటే సారు తలుపు దగ్గర ఆగి, "ఇది ఎవురిది?" అన్నాడు. అక్కడ ఒక్క మేక నిక్షేపంగా చెవులాడిస్తోంది. ఆయమ్మ బకెట్టు దించి, "ఆదివారం తాళం తీసి తడిగుడ్డ పెట్టనీకి నేనొస్తా గదప్పా. నోరు లేనిదాన్ని పస్తు పెడ్తారా?" అంది.

సారు మాట తప్పలేదు. మరుసటి వారం కొత్త బ్యాచికి మొదటి పాఠం నేనే చెప్పాను. దేవునికి స్తోత్రం చెప్పాను, సారుకు థ్యాంక్స్ చెప్పాను, పిన్నికి మైసూరు పాకు కూడా పంపాను. ఆయమ్మ వల్లే నాకు ఉద్యోగం వచ్చిందని ఆయమ్మకు చెప్పలేదు. నన్ను చూసి నవ్వినవాళ్ల మీద కోపంతో అంత తీరిక లేకపోయింది. కొన్నాళ్లకు ఆమె రావడం మానేసింది. అప్పటి నన్ను, ఆ రోషగత్తె పిల్లను, తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని తలంటాలనీ అనిపిస్తుంది. ఇది చదివినవాళ్లలో ప్రార్థన అలవాటున్నవాళ్లు ప్రార్థనలో, లేనివాళ్లు ఊరికే మనసులో, ఆ ఆయమ్మను ఒక్కసారి తలుచుకోండి. పేరు చెప్పలేను. ఒక్కరోజూ అడగలేదు.