పూయని తీగ కొలతలు

తీగను టేపుతో కొలిచే ఆచారం లోకంలో ఎప్పుడు పుట్టిందో చరిత్రకారులు తేల్చలేదు గానీ, మా వీధి దర్జీ విషయంలో మాత్రం తేదీతో సహా ఆధారం ఉంది. మూడేళ్ళుగా ఆయన రోజూ ఇంటి ముందుగదిలోని కొట్టు తెరవకముందే, కిటికీ పక్కన గోడకు పాకిన తీగను కొలిచి, చొక్కాల కొలతల పుస్తకంలో దానికంటూ కేటాయించిన పేజీలో రాసుకునేవాడు. పొడవు పెరిగింది. మొదలు చుట్టుకొలతా పెరిగింది. పూల గడి మాత్రం ఖాళీ.

ఆ తీగ ఆయన అక్కయ్య ఇచ్చింది. ఫోను చేసినప్పుడల్లా "పూసిందిట్రా?" అని అడిగేది. పోయిన నెల విసుగెత్తి "విరగబూసిందక్కా" అనేశాడు. అయితే ఆదివారం వస్తున్నానంది అక్కయ్య.

ఇక ఆయనకు కాలు నిలవలేదు. తీగను పెరటి గోడకు మార్చి, తావు మార్చడం వల్ల పూలు రాలాయని చెప్పాలా? లేక పీకేసి, పూలున్న తీగొకటి నాటి, ఇదే అదని బుకాయించాలా? గురువారం పెరటి గోడ మీద సుద్దతో గీతలు గీశాడు. శుక్రవారం చెరిపేశాడు. ఆ పరధ్యానంలో ఒకాయన చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కుట్టాడు.

"ఏమండీ, పీకుతారా, మారుస్తారా? నన్ను చేసుకునేటప్పుడైనా ఇంత ఆలోచించారా?" అంది భార్య.

"అప్పుడింత టైమెక్కడిచ్చారు?"

శనివారం పార పట్టాడు. మూరెడు తవ్వేసరికి వేరు గోడ కిందికి దూరి ఉంది. లాగితే తీగ చస్తుంది. మన్ను కప్పేసి నర్సరీకి పరుగెత్తాడు. అక్కడ ఏడెనిమిది రకాల పూలతీగలు. తన తీగది ఏ పువ్వో తనకే తెలియదని అప్పుడు తట్టింది. ఉత్తచేతులతో తిరిగొచ్చాడు.

ఆదివారం అక్కయ్య చెప్పులైనా విప్పకుండా తీగ ముందు నిలబడింది.

"పూలేవిరా?"

"రాలిపోయాయక్కా."

"ఏం రంగు?"

"తెలుపు" అన్నాడు ఆయన. అదే క్షణంలో "పసుపు, వదినా" అంది భార్య.

అక్కయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆయన టేపు చివర నలుపుతూ, "అబద్ధమాడానక్కా. ఒక్క మొగ్గా వేయలేదు. నువ్విచ్చినదాన్ని పాడుచేశాను" అన్నాడు.

"రంగేంటో చూద్దామనే కదరా ఇంత దూరం వచ్చాను!" అని అక్కయ్య మెట్టు మీద కూలబడింది. "మా ఇంట్లో పదకొండేళ్ళున్నా అది ఒక్కసారీ పూయలేదు."