తిమ్మక్క పార్కుకు పెట్టిన పొడుగు పేరు

తిమ్మక్క పుట్టిల్లు యాడికి అనే ఊరు. మెట్టినిల్లు కదిరికి పోయే దారిలో ఉన్న ఈ ఊరు. మొగుడు పోయిన మరుసటి వేసవిలో ఉడకబెట్టిన శనక్కాయల గంప నెత్తిన పెట్టుకుని వచ్చి, పార్కు గేటు పక్కన కానుగ చెట్టు కింద కూర్చుంది. అప్పటి నుంచి చెట్టు నీడ ఎటు జరిగితే అటు జరిగింది గానీ, మనిషి చెప్తే ఏనాడూ జరగలేదు.

పార్కు పేరు మాత్రం ఒక చోట నిలవలేదు. మొదట ఉత్త మునిసిపల్ పార్కు. తర్వాత వచ్చిన చైర్మన్ దానికి వాళ్ళ నాయన పేరు పెట్టుకున్నాడు. ఆయన దిగిపోగానే కొత్తాయన ఆ పేరు మీద సున్నం కొట్టించి హరితవనం అన్నాడు. బోరు ఎండిపోయి, గడ్డి ముసలోడి గడ్డంలా తెల్లబడిన ఏడాదే ఆ పేరు వచ్చిందని తిమ్మక్క ఎన్నాళ్ళు నవ్విందో. ఆ తర్వాత చేతులు తిప్పే యంత్రాలు, కాళ్ళు ఊపే యంత్రాలు తెచ్చి పాతి ఆరోగ్యవనం అన్నారు. అవి తుప్పు పట్టి ఒకాయన వేలు కోసుకున్నాక ఆనందవనం అన్నారు. పేరు మారిన ప్రతిసారీ ఒక షామియానా, ఒక రాతి పలక, లడ్డూలు. పాత పలకలు గోడ వెనకాల పడేస్తే, తిమ్మక్క అందులో చైర్మన్ నాయన పేరున్నది ఈడ్చుకొచ్చి అక్షరాలు కిందికి ఉండేట్టు వేసుకుని పీట చేసుకుంది. పైకి ఉంటే చీర పట్టుకుని చిరుగుతుందని అంతే. చైర్మన్ వాళ్ళ నాయన మీద ఆమెకు కోపమేమీ లేదు.

ఊరి జనం నోటికి ఈ పేర్లలో ఒక్కటీ ఎక్కలేదు. ఇక్కడ చోటును మనిషితో చెప్పడం అలవాటు. కదిరప్ప టీ కొట్టు మూతపడి, కదిరప్ప కూడా పోయి ఎన్నేళ్ళయినా అది కదిరప్ప సందే. అట్లాగే పార్కంటే తిమ్మక్క పార్కు. ఆ మాట చెవిన పడినప్పుడు ఆమె విననట్టే కాయలు కలుపుతుండేది. మెడ మాత్రం రవ్వంత నిలువుగా లేచేది.

ఇప్పటి చైర్మన్ జయరాముడికి పార్కుకు మంత్రిగారి తండ్రి బాలసుబ్రహ్మణ్యం పేరు పెట్టాలని ముచ్చట పుట్టింది. కౌన్సిలర్లలో కొందరు ఆనందం పోకూడదన్నారు, కొందరు ఆరోగ్యం పోకూడదన్నారు, పచ్చదనం మాటేమిటని ఇంకొకాయన బల్ల చరిచాడు. ఎవరి మనసూ నొప్పించడం ఎందుకని అన్నీ కలిపేశారు. శ్రీ బాలసుబ్రహ్మణ్యం స్మారక ఆనంద ఆరోగ్య హరిత ఉద్యానవనం! ఆ పేరు పలికేసరికి నోట్లో తడి ఆరిపోతుంది. అదంతా రాయాలంటే గేటు మీది పాత ఆర్చి చాలదు, కొత్తది వెడల్పుగా కట్టాలి. వెడల్పుగా కడితే ఎడమ పక్క స్తంభం సరిగ్గా తిమ్మక్క పీట ఉన్న చోట దిగుతుంది.

ఆ సంగతి చెప్పడానికి మునిసిపాలిటీ మేస్త్రీ ఓబులేష్ వచ్చాడు.

"అవ్వా, నువ్వు ఈడి నుంచి లేయల్ల."

"లేచి యాడికి పోవల్ల?"

"బస్టాండు కాడికి పో. ఆడ జనం బాగుంటారు."

"ఆడ జనం బస్సు తట్టు చూస్తారు గానీ నా చెనిక్కాయల తట్టు చూస్తారా? ఏమప్పా ఓబులేషూ, వాళ్ళు పేరు పొడుగ్గా పెట్టుకుంటే నేనెందుకు జరగల్ల? పేరునే రోంత కురచ చేయమను."

"తీర్మానం అయిపోయిందవ్వా."

"పార్కులో చెట్ల కంటే పేరులో మాటలే ఎక్కువుండాయి గదప్పా!"

ఓబులేష్‌కు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే గంప ఎత్తించి బస్టాండులో పెట్టించాడు.

బస్టాండులో కూడా కాయలు అమ్ముడుపోయాయి. అది కాదు బాధ. పార్కు దగ్గర జనం ఒక్కో కాయ ఒలుస్తూ, కోడళ్ళ సంగతులు ఒలుస్తూ ఆమె పక్కన కూర్చునేవాళ్ళు. ఇక్కడ పొట్లం లాక్కుని బస్సెక్కేస్తారు. అక్కడ ఆమె తిమ్మక్క. ఇక్కడ ఆమె పేరు "ఏయ్, చెనిక్కాయలూ!" పార్కుకు అన్ని పేర్లు పెట్టినవాళ్ళు ఆమెకున్న ఒక్క పేరూ ఊడబీకారు. ఎట్లయినా ఆ చోటికి తిరిగి పోవాలని ఆమె పంతం.

ప్రారంభం రోజు జయరాముడు, కౌన్సిలర్లు, డప్పులవాళ్ళు అందరూ పూలదండలతో కదిరి రోడ్డులో ఊరి పొలిమేర దగ్గర కాచుకున్నారు. మంత్రి లేపాక్షిలో దండం పెట్టుకుని ఇంకో రోడ్డు నుంచి వచ్చేశాడు. ముందున్న పోలీసు జీపు కూడా పై ఊరిదే. జయరాముడికి ఫోను చేస్తే డప్పుల మోతలో వినపడలేదు. జీపులోని ఎస్సై, ఆటో రామాంజులును ఆపి ఆహ్వాన పత్రికలోని పేరు చదివి వినిపించాడు.

"అంత పొడుగు పార్కు మా ఊళ్ళో లేదు సార్," అన్నాడు రామాంజులు. "ఉండేది ఒకటే. తిమ్మక్క పార్కు."

"అదేలే. ఎక్కడది?"

"తిమ్మక్క ఇప్పుడు బస్టాండు కాడ ఉండాది సార్."

అందులో అబద్ధమేముంది? కార్ల వరస పోయి బస్టాండులో తిమ్మక్క గంప ముందర ఆగింది. మంత్రి అద్దం దించి చూశాడు.

"ఏమ్మా, పార్కు ఎక్కడ?"

"పార్కు యాడుండేది ఆడే ఉండాది సామీ. నన్ను తెచ్చి ఈడ పడేసినారు."

"దారి చెప్తావా?"

"కదిరప్ప సందులో తిరగల్ల."

"కదిరప్ప ఎవరు?"

"చచ్చిపోయినాడు."

మంత్రి డ్రైవరు వైపు చూశాడు, డ్రైవరు మంత్రి వైపు చూశాడు.

"నువ్వే ఎక్కి చూపించమ్మా."

"నా గంపో?"

"గంప కూడా ఎక్కించు తల్లీ!"

తిమ్మక్క ముందు సీట్లో కూర్చుని గంప ఒళ్ళో పెట్టుకుంది. ఆ చల్లటి కారులో ఉడికిన కాయల వాసన కమ్ముకునేసరికి, పొద్దుట్నుంచి ప్రసాదంతో సరిపెట్టుకున్న మంత్రి వెనక నుంచి చెయ్యి చాపాడు. పొట్టు ఎక్కడ వేయాలో తెలియక ఆయన పీఏ దోసిలి పట్టాడు.

అప్పటికి జయరాముడు రొప్పుకుంటూ పార్కు దగ్గరకు వచ్చి పడ్డాడు. కారు తలుపు తెరుచుకుంది. మొదట దిగింది గంప. దాని వెనక తిమ్మక్క. డప్పులు ఒక్కసారి ఆగి, మంత్రి దిగాక మళ్ళీ మొదలయ్యాయి. ఓబులేష్ పరుగున వచ్చి రెండు చేతులా గంప అందుకున్నాడు.

"యాడ పెట్టమంటావవ్వా?"

"యాడ నుంచి ఎత్తినావో ఆడ."

అక్కడ స్తంభం లేచి ఉంది. దాని కింద నున్నటి నల్లరాతి దిమ్మె కట్టారు. పాత పీట కంటే మేలు, చీర కూడా చిరగదు. తిమ్మక్క దాని మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది.

మంత్రి కారులోంచి దిగిన మనిషి మంత్రి బంధువు కాకుండా ఎట్లుంటుంది? సాయంత్రానికల్లా ఆమె మంత్రికి మేనత్త అని ఊరంతా తేల్చేసింది. ఆమెను ఎవరూ అడగలేదు. అడగనిదానికి ఆమె ఎందుకు చెప్తుంది? జయరాముడు అటు పోయినప్పుడల్లా, "బాగుండావా అత్తా?" అని కాయలు కొనుక్కుంటున్నాడు.

మొన్న ఓబులేష్ దిగులు మొహంతో వచ్చి దిమ్మె పక్కన కూలబడ్డాడు.

"పేరు మళ్ళా మారుస్తారంట అవ్వా. ఇంకా ఇద్దరి పేర్లు కలుపుతారంట. ఈతూరి కుడి తట్టు స్తంభం జరపల్లంట. అట్ల జరిపితే గేటు పక్కన నేను కూర్చునే రూము పోతాది."

"పోతే బస్టాండు కాడికి పో. ఆడ జనం బాగుంటారు."

"ఎగతాళి చేయొద్దవ్వా. కురచ పేరు పెట్టమని మంత్రికి ఒక మాట చెప్పు."

తిమ్మక్క గ్లాసు నిండా కాయలు కొలిచి అతని తువ్వాల్లో పోసింది.

"చూస్తాలే. ఈతూరి మావాడొస్తే చెప్తా."