పైడితల్లి వంతు

1986 ఆగస్టులో నన్ను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పర్సనల్ బ్రాంచిలో వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. అంతకుముందు అక్కడే గుమాస్తాగా కూర్చుని పాసులు రాసేవాణ్ణి. వెల్ఫేర్ అంటే పేరుకు సంక్షేమం. పని మాత్రం చావు కబురు అందాక ఆ ఇంటికి వెళ్లడం. సర్వీసులో ఉండగా ఉద్యోగి పోతే, ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారు, కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఎవరికివ్వాలి అన్నది విచారించి రిపోర్టు రాయాలి. నాపైన పర్సనల్ ఆఫీసరు ఉండేవాడు. ఆయన నా రిపోర్టు చూసే నిర్ణయం తీసుకునేవాడు కనుక, తేడా వస్తే మొదట పట్టుకునేది నా మెడనే. ఖరిదా బజారులో నా సైకిలు ఆగితే చాలు, ఎవరు పోయారండీ అని అడిగేవాళ్లు.

ఆ ఏడు దీపావళి వెళ్లిన వారంలో స్మితీ షాపులో హేమర్‌మన్‌గా చేసే అప్పారావు గుండెపోటుతో పోయాడు. స్మితీ అంటే కమ్మరి షాపు. కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుమును దాగలి మీద పెట్టి, ఇద్దరు ముగ్గురు వంతులవారీగా సమ్మెటలతో కొడతారు. అప్పారావుకి భార్య పైడితల్లి, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. పైడితల్లికి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. వాళ్లుండే రైల్వే క్వార్టర్ల లైన్లో ఆమె పేరు చాలామందికి తెలియదు. మూగమ్మ అనేవారు. అలా అనడం తప్పని అప్పట్లో ఎవరికీ తోచేది కాదు, నాతో సహా.

నిబంధన ఇలా ఉండేది. ఉద్యోగం మొదటి హక్కు భార్యది. ఆమె వద్దన్నా, పనికి తగదని తేలినా, ఆమె ఒప్పుకున్న దగ్గరి బంధువుకి ఇవ్వవచ్చు. ఆ బంధువు కుటుంబాన్ని పోషిస్తానని రాసివ్వాలి. అప్పారావు తమ్ముడు సన్యాసి వాళ్లింట్లోనే ఉండేవాడు, గోల్‌బజారులో బియ్యం కొట్టు దగ్గర మూటలు మోసేవాడు. నేను విచారణకు వెళ్లేసరికే నిర్ణయం అయిపోయిందని లైనంతా అనుకుంటోంది.

సన్యాసి నాకు కుర్చీ వేశాడు. పైడితల్లి తలుపు పక్కన గోడకానుకుని కూర్చుంది. నేను అడిగిన ప్రతిదానికీ అతనే జవాబు చెప్పాడు. చివరికి అసలు ప్రశ్న వేశాను, ఉద్యోగం ఎవరికని.

"మా వొదినకి మాట్రాదు బాబూ, ఏటి సెప్తాది? నాకే ఇయ్యమంటాది. ఆల్నందర్నీ నాను సూసుకుంటాను. అన్నియ్య పిల్లల్ని వొగ్గేత్తానేటి?"

అతను అబద్ధమాడుతున్నట్టు నాకు అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. ఒప్పుదల కాగితం తీసి, వేలిముద్ర కోసం పైడితల్లికి సైగ చేశాను. ఆమె లేచి వచ్చింది, కాగితం చూసింది, సన్యాసిని చూసింది. చెయ్యి మాత్రం చాపలేదు. కుడిచేతి వేళ్ల కణుపులతో తన గుండెల మీద ఒకసారి తట్టుకుని, అదే చేత్తో ఎడమ అరచేతి మీద ఒక్క దెబ్బ వేసింది. నా ముఖంలోకి చూసి మళ్లీ చేసింది.

"అన్నియ్య గుర్తుకొచ్చి అలా సేత్తంది బాబూ," అన్నాడు సన్యాసి.

కానీ ఆ సైగ నాకు తెలుసు. మా నాన్న కూడా స్మితీ మనిషే. సమ్మెటల మోతలో ఆయన చెవులు పోయి చాలా కాలమైంది. ఆ షాపులో నోటితో మాట్లాడి లాభం లేదు. అరిచినా వినపడదు. అందుకే అక్కడివాళ్లు ఎప్పటినుంచో చేతులతో మాట్లాడుకుంటారు. ఇనుము చల్లబడిందనీ, తిప్పమనీ, ఆపమనీ అన్నిటికీ సైగలున్నాయి. రిటైరయ్యాక మా నాన్న ఆ భాషను ఇంటికి తెచ్చుకున్నాడు. గుండె మీద తట్టి అరచేతి మీద కొడితే, ఇక నువ్వు తప్పుకో, ఇప్పుడు కొట్టే వంతు నాది అని. భోజనాల దగ్గర గరిటె కోసం కూడా మా నాన్న అదే చేసేవాడు, మా అమ్మ విసుక్కునేది.

ఈవిడకి ఆ సైగ ఎలా వచ్చింది? మొగుడు నేర్పి ఉంటాడా? లేక సన్యాసి చెప్పినట్టు, పోయినవాణ్ణి తలుచుకుంటూ అతని చేతులు చూపిస్తోందా? నాకు వచ్చిన సైగలు పట్టుమని పాతిక కూడా ఉండవు. వాటితో ఒక మనిషి మనసు తేల్చవచ్చా? మళ్లీ వస్తానని చెప్పి కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. సన్యాసి ముఖం మాడిపోయింది.

ఆ తర్వాత రోజులు నాకు బాగా గడవలేదు. స్క్రీనింగ్ కమిటీ, అంటే ఇలాంటి కేసులు తేల్చే అధికారుల బృందం, త్వరలో కూర్చోబోతోంది. అందులో తేలకపోతే మళ్లీ కమిటీ ఎప్పుడో. ఈలోగా క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటీసు వస్తుంది. సన్యాసి యూనియన్ వాళ్లను వెంటబెట్టుకుని గేటు దగ్గర నన్ను ఆపాడు. "మూగదానికి షాపులో ఉజ్జోగమేటి? రేపు ట్రాలీ గుద్దితే నువ్వొచ్చి లేపుతావేటి?" అని అందులో ఒకడు అడిగాడు. ఆ భయం నాకూ ఉంది. క్రేను గంట వినపడని మనిషిని వర్క్‌షాపు లోపలికి పంపించమని నేనే రాసి, రేపేదైనా జరిగితే ఆ ఇద్దరు పిల్లల ముఖం ఎలా చూడాలి? రాయకపోతే, ఆమె చెప్పింది తెలిసి కూడా మడిచి సంచిలో పెట్టుకున్నట్టే. ముందు నుయ్యి వెనక గొయ్యి.

మా నాన్ననే తీసుకెళదామనుకున్నాను. కానీ ఇన్‌స్పెక్టరు తండ్రే దుబాసీ అయితే ఆ రిపోర్టును ఎవరూ నమ్మరు. చివరికి ఆఫీసరు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, రైల్వే ఫైళ్లలో సైగలు ఎక్కడ రాయాలయ్యా అన్నాడు. మళ్లీ పెట్టుకుని, స్మితీ నుంచి ఆ కుటుంబంతో సంబంధం లేని మనిషినెవరినైనా సాక్షిగా తీసుకెళ్లు, కమిటీ ముందుకు కూడా అతన్నే తీసుకురా అని అనుమతించాడు.

స్మితీలో ఒక గ్యాంగుకి మిస్త్రీగా ఉన్న బెంగాలీ మనిషిని తీసుకెళ్లాను. అందరూ బొడొదా, అంటే పెద్దన్న, అని పిలిచేవారు. ఆయనకి తెలుగు ముక్క రాదు. ఆయన ఆ ఇంట్లో అడుగుపెట్టి చేతులు కదపగానే పైడితల్లి ముఖం మారిపోయింది. ఇద్దరూ గుమ్మంలోనే మొదలుపెట్టారు. ఒకే ఊరి తెలుగువాళ్లం నేనూ సన్యాసీ పక్కన గుడ్లప్పగించి చూస్తున్నాం. చేతులు, భుజాలు, కనుబొమ్మలు, అన్నీ నడుస్తున్నాయి. నాకు తెలిసిన సైగలు మధ్యమధ్య తగిలి చేజారిపోతున్నాయి.

బొడొదా ఆగి ఆగి నాకు బెంగాలీలో చెప్పాడు. పెళ్లయిన కొత్తలోనే అప్పారావు ఆమెకు షాపు సైగలు నేర్పాడట. షాపులో లేనివి, పిల్లలకి జ్వరం, నీళ్ల కొళాయి, అలిగాను లాంటివి, ఇద్దరూ కలిసి కల్పించుకున్నారట. ఉద్యోగం గురించి అడగమన్నాను. ఆమె జవాబు పొడుగ్గానే ఇచ్చింది. మరిది మంచివాడు. కానీ రేపు అతనికి పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, అప్పుడు నేనూ నా పిల్లలూ అతని గుమ్మం దగ్గర నిలబడాలి. నాకు చేతులున్నాయి. నేను చేస్తాను.

చివర్లో మళ్లీ గుండె మీద తట్టుకుని అరచేతిలో కొట్టింది. దాన్ని బొడొదా అనువదించలేదు. నేనూ అడగలేదు.

సన్యాసికి ఇదంతా తెలుగులో చెప్పాల్సింది నేనే. చెప్పాను. కోప్పడతాడనుకుంటే గడప మీద కూలబడ్డాడు.

"ఒక్క ఇంట్లోనే ఉన్నాను గదా బాబూ. ఆలిద్దరూ సేతులు తిప్పుకుంటుంటే ఏటో ఆటనుకున్నాను. ఇన్ని మాటలున్నాయని నాకు తెల్దు." తలెత్తి, "మరి నానెక్కడికెల్లాలి?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర నిబంధనేమీ లేదు. నాకు జాలేసింది, ఆ మాటే అతనితో అన్నాను.

కమిటీ రోజున ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంది. నాకు మాత్రం కాలు నిలవలేదు. లోపలికి పిలిచాక షాపుల్లో పని చూసే వర్క్స్ వైపు అధికారి అడగాల్సిందే అడిగాడు, క్రేను గంట ఎలా వింటుందని. బొడొదా వినయంగానే చెప్పాడు. స్మితీలో గంట ఎవరికీ వినపడదు సార్, అందుకే మా దగ్గర ఒక పద్ధతుంది. క్రేను కదిలితే మొదట చూసినవాడు పక్కవాడి భుజం మీద చెయ్యి వేస్తాడు, వాడు ఆ పక్కవాడి మీద. భుజం తట్టకుండా ఎవరి వెనక నుంచీ ఎవరూ నడవరు. ఆ అధికారి కొత్తగా వచ్చినవాడు, నమ్మలేదు. వెంటనే షాపుకి ఫోను చేసి ఫోర్‌మన్‌ని అడిగాడు. అవతల ఏమన్నారో మాకు వినపడలేదు. ఫోను పెట్టేసి, ఠీక్ హై అన్నాడు.

ఇంకా డాక్టరు గండం ఉంది. రైల్వేలో ఏ ఉద్యోగానికైనా వైద్య పరీక్షలో ఫిట్ అనాలి. డాక్టరు చెవులు చూసి నావైపు తిరిగి, ఈమెను ఎక్కడ వేస్తారు అని అడిగాడు. స్మితీ పక్కన టూల్ రూములో, పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే కిటికీ దగ్గర అన్నాను. అక్కడికి వచ్చేవాళ్లకి వినపడుతుందా అన్నాడు. చాలామందికి వినపడదండీ, మా నాన్నకీ వినపడదు అన్నాను. ఆయన, కదిలే బళ్ల దగ్గరా రైలు పట్టాల మీదా పని ఇవ్వకూడదన్న షరతుతో ఫిట్ రాశాడు.

పైడితల్లి ఖలాసీగా, అంటే షాపులో కింది మెట్టు ఉద్యోగిగా చేరింది. చేరిన తర్వాత నాకు నెమ్మది వచ్చిందనుకుంటే పొరపాటు. చాలాకాలం వేళ కాని వేళ వర్క్‌షాపు భోం, అంటే సైరను, మోగితే నా చేతిలో పెన్ను ఆగిపోయేది. ఎవరో వచ్చి ఆవిడ పేరు చెప్తారని కాచుకునేవాణ్ణి. ఎవరూ రాలేదు. ఏదో వంకతో టూల్ రూము వైపు వెళితే, కిటికీ ముందు హేమర్‌మన్‌లు వరసగా నిలబడి చేతులతో అడుగుతుండేవారు, ఆమె ఇస్తుండేది. నోటితో అడిగే గుమాస్తాలకి మాత్రం రెండుసార్లు తిరగాల్సి వచ్చేది. సన్యాసి కొన్నాళ్లు అలిగి సాలువా వైపు పనికి పోయాడు. తర్వాత ఖరిదాలోనే వేరే కాపురం పెట్టాడు. వదినతో మాట్లాడడం నేర్చుకున్నాడో లేదో నాకు తెలియదు.

వికలాంగుల చట్టం పార్లమెంటులో 1995లో వచ్చింది. మాకు సర్క్యులర్లు వచ్చాయి, క్లాసులు పెట్టారు. ఆ చట్టం అవసరమే, ఆలస్యంగా వచ్చింది కూడా. నాకు అంతకుముందే అర్థమైంది ఒకటుంది. మా నాన్నకీ పైడితల్లికీ వినపడకపోవడంలో తేడా లేదు. ఆయన చెవులు ఉద్యోగంలో చేరాక పోయాయి కనుక, చివరిదాకా ఆయన హేమర్‌మనే. ఆమెకి చేరకముందే లేవు కనుక మూగమ్మ. గేటుకి ఏ వైపు ఉన్నారన్నదాన్ని బట్టి లోకం పేరు పెట్టింది.

ఆ కేసు తర్వాత నా పని తీరు ఒక్క విషయంలో మార్చుకున్నాను. ఒకరి బదులు ఇంకొకరు జవాబు చెప్తుంటే, చెప్పేవాణ్ణి ముందు బయట కూర్చోమనేవాణ్ణి. రిటైరయ్యేదాకా అలాగే చేశాను. అన్నిచోట్లా అది పనికి రాలేదు. మాట రానివాళ్లూ, మతి సరిగా లేదని పక్కన పెట్టినవాళ్లూ ఉన్న ఇళ్లకి వెళ్లాను. వాళ్లూ నేనూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. వాళ్లు చేతులతోనో కళ్లతోనో ఏదో చెప్పేవారు. ఆ భాష తెలిసిన మనిషి ఆ ఇంట్లోనూ ఉండేవాడు కాదు, ఊళ్లోనూ దొరికేవాడు కాదు. చివరికి బయట కూర్చున్నవాణ్ణే లోపలికి పిలిచి, అతను చెప్పింది రాసుకునేవాణ్ణి. వాళ్లు ఏం కావాలన్నారో నాకు ఈ రోజుకీ తెలియదు.