పక్కింటి కిటికీలోంచి ఆంటీ గొంతు

"లెవ్వవే! ఇదేమన్న మీ అత్తగారిల్లా? ఉంటే ఉండు, లేకుంటే బ్యాగ్ సర్దుకొని పో!"

ఆ అరుపుకి నా చేతిలో టమాటా జారి సింకులో పడింది. మాట కొత్తదేం కాదు, మా హాస్టల్ నడిపే ఆంటీ రోజూ పొద్దున్నే అరిచేదే. కానీ అప్పుడు మధ్యాహ్నం. అమ్మాయిలంతా చిక్కడపల్లి లైబ్రరీకీ, కోచింగులకీ వెళ్ళిపోయారు. లేపడానికి మంచాల మీద ఎవరూ లేరు. పైగా ఆంటీ నా ఎదురుగానే స్టూలు మీద కూర్చుని, ఛాయ్‌లో ముంచిన బిస్కెట్ నోట్లో పెట్టుకుని ఉంది. నోరు మూసే ఉంది. గొంతు కిటికీలోంచి వచ్చింది.

మా వంటింటి కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ. మధ్యలో మనిషి కూడా పట్టని సందు, నీళ్ళ పైపులు, పావురాల రెట్ట. ఎదురుగా ఒక కిటికీ. ఈ మధ్య దానికి ఎప్పుడు చూసినా ఆకుపచ్చ కర్టెన్ వేసి ఉంటుంది.

ఆంటీ బిస్కెట్ మింగడం మర్చిపోయింది. "ఏయ్, అది నేనే కదనే?"

"మీరే ఆంటీ."

"మరి నేను ఈడున్న కదనే!"

"ఈడ్నే ఉన్నరు ఆంటీ."

మళ్ళీ వచ్చింది. ఈసారి మెల్లగా, పక్కన కూర్చుని చెప్తున్నట్టు: "బ్యాగ్ సర్దుకొని పో." ఆంటీకి మాట చివర గొంతు సవరించుకునే అలవాటుంది. ఆ సవరింపు కూడా వచ్చింది. కర్టెన్ కదలలేదు.

గంటలోపే ఆంటీ నిమ్మకాయా మిరపకాయలూ తెచ్చి కిటికీ ఊచకి కట్టింది. "నువ్వు చర్చికి పోతవ్ కదా, నీ దిక్కు కెళ్ళి కూడా ఏమన్న జర చెయ్యి" అని నన్నే పురమాయించింది.

అశోక్‌నగర్‌లో ఆ హాస్టల్లో నేను వంట చేస్తాను. నేను చదివింది పదో తరగతి వరకే. అక్కడి అమ్మాయిలు కలెక్టర్లవ్వాలని చదువుతుంటే, వాళ్ళకి ఏ పూట ఏ కూర సయిస్తుందో చూసుకోవడం నా పని. ఆంటీ చెడ్డ మనిషి కాదు. ఎవరికైనా జ్వరమొస్తే తనే కూర్చుని గంజి తాగిస్తుంది. నోరు మాత్రం అట్లాంటిది.

ఆ సాయంత్రం నారాయణగూడలో మా స్త్రీల కూడిక. కొన్ని వారాలుగా పాస్టరమ్మ సాత్వికం గురించి చెబుతోంది. మొదటిరోజు నేను అందరి ముందూ లేచి, "అమ్మా, మరి ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కూడా మానాల్నా?" అని అడిగేశాను. మా హాస్టల్ బిల్డింగ్ ఓనరు వాళ్ళు "మాది సాత్వికం" అంటే వాళ్ళింట్లో అవి వండరని కదా అర్థం! నవ్వలేక చచ్చారు అందరూ. పాస్టరమ్మ మాత్రం నవ్వలేదు. "కూర సంగతి కాదమ్మా, మనిషి సంగతి. షేర్ ఆటోలో ఇంకొకరు ఎక్కితే జరిగి కూర్చుంటావు కదా? వాళ్ళెవరని అడగవు కదా? అట్ల ఎదుటి మనిషికి జాగా ఇచ్చుడే సాత్వికం. గొంతు ఒక్కటి తగ్గిస్తే చాలదు" అంది. నాకు ఆటో అనగానే అర్థమైంది.

ఆ రోజు ప్రార్థన మనవులు చెప్పేటప్పుడు ఒక సిస్టర్ లేచింది. యాభై దాటిన మనిషి, ఆఫీసులో పని, పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళది గుంటూరు వైపు, ఎప్పుడో వాళ్ళ తాతల కాలంలో ఇక్కడికొచ్చారు. ఆమె తల్లి ఒకప్పుడు మా చర్చిలో పిల్లలకి పాటలు నేర్పేదట. ఏ రాగమైనా ఒక్కసారి వింటే పట్టేసేదట. ఇప్పుడు మంచంలో ఉంది, మనుషుల్ని గుర్తుపట్టదు.

"అమ్మలో ఏదో దూరిందండీ" అంది సిస్టర్. "వేరే యాసలో మాట్లాడుతోంది. మా ఇంటావంటా లేని యాస. గొంతు కూడా తనది కాదు. ఇన్నేళ్ళలో ఒక్కనాడు కూడా నన్ను 'పో' అనలేదు, 'వెళ్ళి రా తల్లీ' అనేది. ఇప్పుడు నన్ను చూసి, బ్యాగ్ సర్దుకొని పో అంటోంది."

మధ్యాహ్నం కిటికీలోంచి వచ్చిన మాటే.

"రేపు పొద్దున్నే వ్యాన్ వస్తుంది. ఊరవతల ప్రార్థనా కేంద్రంలో వదిలిపెట్టాలి. వాళ్ళే ఉంచుకుంటారు, ఇంటివాళ్ళని ఉండనివ్వరు. అది వదిలి వెళ్ళేవరకూ అక్కడే." ఆమె ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మొహం అది.

కూడిక అవ్వగానే ఆమె వెనకాలే పరిగెత్తాను. "సిస్టర్, మీ ఇల్లు యాడ?" అని అడిగితే, ఈ మధ్యే చిక్కడపల్లి నుంచి మారామంటూ మా సందే చెప్పింది. కిటికీకి ఆకుపచ్చ కర్టెన్ ఉందా అని అడగలేదు. అడగాలంటే భయమేసింది.

ఆమెతో పాటే వాళ్ళింటికి వెళ్ళాను. మా వెనకాలే ప్రార్థనా కేంద్రం నుంచి ఒకాయన వచ్చాడు. తెల్ల చొక్కా, చెమటలు. పాపం, ఆయన నిజంగానే ప్రార్థిస్తున్నాడు. మంచం మీద సిస్టర్ వాళ్ళమ్మ, ఆ ముసలి అమ్మమ్మ, పిడికెడంత ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ దేన్నీ చూడట్లేదు. ఆమె తల వెనక ఆకుపచ్చ కర్టెన్. కర్టెన్ పక్కనున్న ఖాళీలోంచి మా వంటిల్లు, వేలాడుతున్న నిమ్మకాయ.

"వదిలి పో!" అని అరిచాడాయన.

"వదిలి పో!" అంది అమ్మమ్మ. మగ గొంతుతో. ఆయన గొంతుతో.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకా గట్టిగా అరిచాడు. అంతే గట్టిగా అదే గొంతు ఆయన మీదకే తిరిగొచ్చింది. ఆ చిన్న ఒంట్లోంచి అంత శబ్దం ఎలా వస్తోందో! సిస్టర్ గోడకి ఆనుకుని చెవులు మూసుకుంది.

నాకు నోటిదాకా వచ్చింది, 'నీకేమన్న పిచ్చా అన్నా, ముసలామె మీద అరుస్తవేంది!' అని. అనేదాన్నే. కానీ అంటే అది కూడా ఆ గదిలోనే ఉండిపోతుందనిపించింది. నా గొంతుతో, ఆ మంచం మీద. నాకు అదొక్కటే భయం. మాట మింగేసి, "అన్నా, జర జరుగుతరా? నేను కూసుంట" అన్నాను. ఆయన నిజంగానే జరిగాడు. నేను కింద కూర్చుని అమ్మమ్మ మొహానికి దగ్గరగా వెళ్ళాను.

"వందనాలు అమ్మమ్మా."

ఫ్యాన్ చప్పుడే. తర్వాత ఆమె పెదాలు కదిలాయి.

"వందనాలు అమ్మమ్మా" అంది.

నా గొంతు. మా ఊరి సాగదీత అంతా అందులో ఉంది. నన్ను నేనే పిలిచినట్టుంది.

"దయ్యం కాదు సిస్టర్" అన్నాను. "మా హాస్టల్ ఆంటీ. పొద్దున్నే పోరీలను లేపుతది. గా కిటికీల కెళ్ళి ఈమెకు అదే వినవడుతది. రాగం పట్టినట్టు పట్టేసింది."

సిస్టర్ చెవుల మీంచి చేతులు తీసింది. కిటికీ వైపు చూసింది. "నేను మాట్లాడటం మానేశానమ్మా" అంది. "జవాబు రాదుగా అని. తర్వాత భయమేసి."

అంటే రోజంతా ఆ అమ్మమ్మ చెవిన పడే మాట అదొక్కటే.

"ఇప్పుడు మాట్లాడుండ్రి సిస్టర్."

ఏం మాట్లాడాలో ఆమెకి తోచలేదు. మంచం దగ్గరికొచ్చి, రోజూ గుమ్మంలో అనే మాటే అనేసింది. "వెళ్ళొస్తానమ్మా."

"వెళ్ళొస్తానమ్మా" అంది అమ్మమ్మ.

కూతురి గొంతుతోనే అంది. ప్రతిధ్వనే, నాకు తెలుసు. కానీ రేపు పొద్దున వ్యాన్ ఎక్కాల్సింది ఎవరు? మంచం పక్కన మూటగట్టిన దుప్పటీ, సర్ది పెట్టిన సంచీ ఎవరివి? సిస్టర్ మొహం తెల్లబోయింది. "ఎక్కడికమ్మా? ఎక్కడికీ వద్దు" అంటూ ఆ చిన్న చేతిని పట్టేసుకుంది. తెల్ల చొక్కా ఆయన జేబులోంచి ఫోన్ తీసి, వ్యాన్ రావద్దని తనే చెప్పాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి, చాలా చిన్నగా, "వందనాలమ్మా" అన్నాడు. లోపల్నుంచి జవాబు వచ్చింది. ఆయన వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు.

హాస్టల్‌కి వచ్చి ఆంటీకి చెప్పడం ఇంకా కష్టమైంది. పనిచ్చిన మనిషికి, మీ నోరు ఇలా ఉంటుందని ఎలా చెప్పాలి? గిన్నెలు తోముతూ, తలెత్తకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాను. సొంతంగా ఒక్క మాట కూడా కలపలేదు.

"అంటే దయ్యం నేనేనా?" అని ఆంటీ పెద్దగా నవ్వింది. ఆ నవ్వు సందులోకి పోవడం వినపడి తటాలున ఆపేసింది. కాసేపటికి, "గట్లనే ఉంటదానే నా గొంతు? నాకు గట్ల వినవడదు" అంది. పడుకునే ముందు, "రేపు పోరీలను నువ్వు లేపు" అని మాత్రం అంది.

మర్నాడు తెల్లారగానే లేచాను. ఛాయ్ పెట్టి, నిమ్మకాయ పక్కకి జరిపి కిటికీ తెరిచాను. సందులో ఇంకా వెలుగు రాలేదు. అమ్మమ్మకి ఏం చెప్పాలో రాత్రంతా ఆలోచించి పెట్టుకున్నాను. నోరు తెరవబోయాను.

"వందనాలు అమ్మమ్మా" అని ముందే వచ్చింది, అటు నుంచి, నా గొంతుతో. నేనింకా ఏమీ అననేలేదు.

ఊచ పట్టుకుని అలాగే నిలబడ్డాను. పారిపోదామనే అనిపించింది. అప్పుడు నేను, ఆ గొంతు ఎవరిదని అడక్కుండా, "వందనాలు" అన్నాను.