శబరి వైపు

కొంటా బజారులో సుందరరావు ఫోటో స్టూడియోకి ఇప్పుడు 'గోపీ మొబైల్స్' అని బోర్డు ఉంది. రీఛార్జి, జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటోలు అన్నీ కొడుకు గోపీ చూసుకుంటాడు. సుందరరావు వెనక గదిలో తన పాత యాషికా కెమెరాను ముందు పెట్టుకుని మెత్తని గుడ్డతో తుడుస్తూ కూర్చుంటాడు. తుడిచిందే తుడుస్తాడు. బట్టల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, గజంబద్ద వదిలేసి ఈ పెట్టె పట్టుకున్నందుకు తండ్రి చేత ఆయన తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. ఆయన ఏనాడైనా ఒకరి మాట చెవిన పెట్టాడు గనుకనా!

ఆ కెమెరా బైలడిల్లా నుంచి వచ్చింది. అక్కడి ఇనుప రాయి గనుల్లో స్టోర్‌కీపరుగా పనిచేసిన ఆంధ్రా ఆయనొకరు బదిలీ మీద పోతూ అమ్మేసి పోయారు. "మన కొండ రాయి జపాను పోయింది, జపానువాడు బదులుగా నాకీ డబ్బా పంపిండు" అని సుందరరావు ఇప్పటికీ చెబుతుంటాడు, ఆ బేరమేదో తానే కుదిర్చినట్టు.

నిలువుపాటి నల్లటి పెట్టె. ముందువైపు ఒకదాని మీద ఒకటి రెండు గాజు కళ్లు. పై కన్ను చూడ్డానికి, కింది కన్ను ఫోటో తియ్యడానికి. పక్కనున్న బిళ్ల తిప్పితే రెండూ కలిసే ముందుకూ వెనక్కూ జరుగుతాయి. పైమూత తెరిస్తే నాలుగు రేకులు గోడల్లా లేచి నిలబడతాయి. వాటి అడుగున గరుకు గాజు పలక ఉంటుంది, పై కంట్లో పడినదంతా లోపలి అద్దానికి తగిలి ఆ పలక మీదికి వచ్చి వాలుతుంది. పెట్టెను మెళ్లో వేసుకుని, పొట్టకు ఆనించి, తల దించి అందులోకి చూడాలి. సంతకొచ్చే దొర్ల గిరిజనులకు తెగ నచ్చిన సంగతి ఇదే. మిగతా కెమెరాలవాళ్లు కంటికి ఆనించి గురి చూసేవారు. ఆ అడవుల్లో గురి చూసే మనిషి ఎదురుపడితే ఎవరికి బాగుంటుంది చెప్పండి? ఈయన తలొంచుతాడు. అందుకే 'దండం పెట్టే ఫోటో సావుకారి' అని పేరు పెట్టేశారు.

ఆ పెట్టెకు ఒక తిక్క ఉంది. గాజు మీద బొమ్మ నిటారుగానే ఉంటుంది కానీ కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. కొత్తలో సుందరరావుకు తల ప్రాణం తోకకొచ్చేది. పైగా కూర్చున్నవాళ్లలో ఒకరికి తెలుగు, ఒకరికి హల్బీ, ఒకరికి హిందీ. కుడి అంటే ఒకరు, దాయే అంటే ఒకరు, చివరికి అందరూ కలిసి నవ్వుకోవడమే. ఆఖరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. స్టూడియో స్టూలు మీద కూర్చున్నవాళ్లకు ఎడమ చేతివైపు శబరి నది, కుడి చేతివైపు బజారు. "శబరి వైపు తిరుగు" అనేవాడు, అంతే. నది ఎక్కడుందో తెలియనివాళ్లు కొంటాలో లేరు. ఏళ్ల తరబడి ఆ మాట అనడం, అంటూనే మీట నొక్కడం ఆయనకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటైపోయింది.

ఫిల్ము దొరకడం మానేశాక పెట్టె తుడవడమే మిగిలింది. ఒకే ఒక్క రీలు, తేదీ ఎప్పుడో దాటిపోయినది, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల దాచుకున్నాడు.

ఈ వేసవిలో మరైగూడ నుంచి పొజ్జా వచ్చాడు. చింతపండు అమ్ముకోవడానికి సంతకొచ్చే మనిషే, పాత పరిచయమే. అయితే అతని మొహం ఎలా ఉంటుందో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. కూతురు దేవే చంకబిడ్డగా ఉన్నప్పుడు, తెల్లవారుజామున ఇప్పపూలు ఏరబోతే ఎలుగుబంటి మీద పడింది. ప్రాణం దక్కింది కానీ ఎడమ చెంప పోయిందన్నాడు. ఆనాటి నుంచి తలకూ మొహానికీ కలిపి తువ్వాలు చుట్టడమే. ఇంట్లో అద్దం పారేశాడు. అన్నం కూడా గోడవైపు తిరిగి తింటాడు.

"దేవే పెండ్లి సావుకారీ," అన్నాడు. "నాతోని ఫోటో దిగంది అత్తగారింటి ట్రాక్టర్ ఎక్కనంటాంది."

"మా గోపీని పంపుతా. సెల్లుతో మంచిగ తీస్తడు."

"సెల్లు వద్దు. ఒక్కడు తీస్తె ఊరూరు తిరిగి పామేడు దాక పోతది. నీ పెట్టెల తియ్యి. నువ్వు నా మొకం దిక్కు సూడవు, పెట్టెల సూస్తవు. ఒక్క కాయితం తెచ్చి నా చేతుల పెడ్తవు. గంతే." గొంతు తగ్గించాడు. "ఈ చెంప మాత్రం పడొద్దు. పోయే పిల్ల, దాని కండ్లల్ల గదే ఉండిపోతది."

"పడదు. మాటిస్తున్న," అన్నాడు సుందరరావు. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో తలుచుకుంటే తర్వాత ఆయనకే ఒళ్లు మండింది.

పెళ్లిరోజు పొజ్జా చేతికి చిక్కలేదు. పందిట్లో వెతికితే వంటల దగ్గరికి, వంటల దగ్గర వెతికితే అడివి వైపుకి తప్పుకునేవాడు. సుందరరావు మిగతా బొమ్మలన్నీ తీసి, ఆఖరి బొమ్మ ఒక్కటీ అతనికోసం ఆపుకున్నాడు. సాయంత్రం, ట్రాక్టరు స్టార్టు చేశాక, దేవే తండ్రి చెయ్యి పట్టుకుని ఇంటి ముందుకు లాక్కొచ్చింది. అతని ఎడమ పక్కన నిలబడింది. ఎడమకు తిరిగితే కూతురి వైపు చూసినట్టూ ఉంటుంది, మంచి చెంపే ఫోటోలో పడుతుంది. సుందరరావు తల దించాడు. బిళ్ల తిప్పి బొమ్మ తేటపరిచాడు. పై కంటికి కనిపించేది కింది కంటికి కాస్త తేడాగా పడుతుంది గనక నెత్తి మీద కొంచెం జాగా వదిలాడు.

"ఇగ తువ్వాల తియ్యి పొజ్జా. శబరి వైపు తిరుగు."

పొజ్జా తువ్వాలు తీసి శబరి వైపే తిరిగాడు. పాపం, మనిషి చెప్పినట్టే చేశాడు. మరైగూడలో ఆ ఇంటి ముందు నిలబడితే శబరి కుడివైపున ఉంది! మచ్చ ఉన్న చెంప నిండు వెలుగులో కెమెరాకు ఎదురుగా వచ్చింది. సుందరరావు కన్ను ఆ సంగతి పట్టుకునే లోపలే వేలు తన పని చేసేసింది. ఆ షట్టరు చప్పుడు పక్కవాడికి కూడా వినపడదు.

"అయిందా?" పొజ్జా అప్పటికే తువ్వాలు చుట్టేశాడు.

సుందరరావు నాలుక కరుచుకున్నాడు. రీలు జరిపే నాబ్ తిప్పి చూస్తే వట్టిగా తిరిగింది. రీలు అయిపోయింది.

"అయింది," అన్నాడు.

ఇంటికొచ్చి స్నానాల గది కిటికీకి దుప్పటి కట్టి, ఆ రీలు కడిగాడు. పాత ఫిల్మైనా ఆ ఆఖరి బొమ్మ నిక్షేపంగా వచ్చింది. పాడైపోయి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు, ఫోటోలు తీసే మనిషి అనుకోకూడని మాటే అయినా. చిన్న చతురస్రం ప్రింటు ఒకటి వేసి గోపీకి చూపించాడు.

"దీనికింత పరేషాన్ ఎందుకు నాన్నా? స్కాన్ చేసి, ఆ మచ్చ తీసేసి, నుదురు మీది చర్మం తెచ్చి అక్కడ అతికిస్తా. ఎవనికీ తెల్వదు."

సుందరరావుకు ఆశ పుట్టింది. ఊరికే కాదు, గట్టిగానే పుట్టింది. సంత రోజు దాకా ఊగిసలాడి చివరికి వద్దన్నాడు. "మాట తప్పింది చాలు. దాని మీద అబద్ధం కూడా ఎందుకురా," అన్నాడు.

సంతకు పొజ్జా వచ్చాడు. సుందరరావు అతన్ని వెనక గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికేసి, ముందే చెప్పేశాడు.

"తప్పు నాది పొజ్జా. మీ ఊర్ల శబరి ఏ దిక్కున్నదో ఆలోచించలే. ఆ చెంపే పడ్డది. ఇంకోటి తీద్దామంటే రీలు లేదు. చింపేస్తనంటే నీ ఇష్టం. తిట్టినా పడత."

పొజ్జా చెయ్యి చాపాడు. ఫోటోను గుమ్మం వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. రెండో చెయ్యి తువ్వాలు లోపలికి పోనిచ్చి చెంప తడుముకున్నాడు. మళ్లీ ఫోటో చూశాడు. కంటి కొస నుంచి దవడ దాకా నాలుగు గీతలు, వాటి మధ్య లోపలికి పోయిన కాస్త చెంప, చిరిగిన చెవి తమ్మె.

"గింతేనా సావుకారీ?"

"ఇంతే," అన్నాడు సుందరరావు.

"చేతికి మస్తు తగుల్తది. సగం మొకం లేదనుకున్న నేను." పొజ్జా ఫోటోలోని గీతల మీద వేలు పెట్టాడు. "గింత దానికి..."

అప్పుడు ఫోటోలో దేవే మీద అతని కన్ను పడింది. ఆ పిల్ల కెమెరావైపు చూడడం లేదు. తల ఎత్తి, నోరు తెరిచి, కొత్త మనిషిని చూసినట్టు తండ్రి మొహమే చూస్తోంది. సుందరరావు ఆ ఫోటోను ఎన్నిసార్లో చూశాడు గానీ మచ్చ తప్ప ఆ పిల్లను చూడనే లేదు.

పొజ్జా తువ్వాలు విప్పి దాంతోనే కళ్లు తుడుచుకున్నాడు.

"పోయేనాడు సూసింది సావుకారీ," అన్నాడు. "అత్తగారింటికి పోయేనాడన్న నా బిడ్డ నా మొకం సూసింది."