సీమెలకకు మువ్వ కట్టొద్దు

ఆన్‌లైన్ పార్సిల్ విప్పగానే కొత్త ప్లాస్టిక్ కంపు గదంతా కొట్టింది. చోడవరంలో మా అమ్మాయి ఇంట్లో రెండు గినీ పందులున్నాయి. పేరుకే పందులు, చూడటానికి తోకలేని లావుపాటి ఎలుకలు. మా అల్లుడు వాటికి ఆటవస్తువులు తెప్పించాడు. లోపల పెట్టి దొర్లించే అద్దంలాంటి బంతి, పరిగెత్తడానికి చక్రం, మెడకు కట్టే ఎర్ర రిబ్బను, దానికో మువ్వ. మనవరాలు షైనీ రిబ్బను ముడి వేయబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను.

“అత్తయ్యా, చిన్న జంతువులన్నిటికీ సేఫ్ అని పెట్టె మీద రాసుందండి,” అన్నాడు అల్లుడు.

“రాసినోడు దీన్ని ఒక్కసారైనా సూసేడేటి?” అన్నాను.

షైనీ ఏడుపు లంకించుకుంది. ఏడవనీ.

నా చిన్నతనంలో, గోవాడ దగ్గర మా పల్లెలో, వీటిని సీమెలకలు అనేవాళ్లం. నాన్న మిషన్ ఆసుపత్రి తోటలో పనిచేసేవాడు. అక్కడి దొరసాని ఊరు వదిలి వెళ్తూ ఇచ్చేసిన జంటను తాటాకు బుట్టలో పెట్టుకుని తెచ్చాడు. మీగడ రంగుదానికి మా చెల్లి ఎస్తేరు జున్ను అని పేరు పెట్టింది, నల్లదానికి మసి అని. వాటికి ఆటవస్తువులు కావాలని మాకు తోచలేదు, మాకే లేవు. పగిలిన కుండ బోర్లించి రెండు వైపులా కన్నాలు చేసి, మూలన ఎండుగడ్డి పోసి, కొరుక్కోడానికి గింజలు ఒలిచేసిన మొక్కజొన్న పొత్తు పడేసేవాళ్లం. చెరకు నరికే కాలంలో తెల్లారగట్ల మంచులో బళ్ల కిర్రుమోత, బెల్లం పొయ్యిల మీంచి వచ్చే పచ్చి తీపి వాసన, వాటి మధ్య మా వసారాలో ఈ రెండింటి కూతలు. అమ్మ గరిక కట్ట విదిలిస్తే చాలు, ఆ చప్పుడుకే ఈలలు వేసేవి. కుండలో దూరి అవతలి కన్నంలోంచి వచ్చి, ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి ఒళ్లు మెలితిప్పేవి. అది వాటి సంతోషం.

“దాగుండే పేణం అది, నలుగుర్లోకీ లాగీకండి,” అనేది అమ్మ.

మా చిన్నాన్నకు ఆ మాట చెవికెక్కలేదు. క్రిస్మస్‌కి చర్చిలో పశువుల పాక కట్టి, తొట్టిలో బాలయేసు బొమ్మను పడుకోబెట్టి, పక్కన గొర్రెపిల్లను కట్టడం మా ఊళ్లో వాడుక. ఆ పెత్తనమంతా ఆయనది. ఒక ఏడు కట్టిన గొర్రెపిల్ల పాక గడ్డి సగం మేసి, ప్రార్థన నడుస్తుండగా గుంజ పీక్కుని పోయింది. మరుసటేడు గోల చేయని గొర్రెపిల్ల కావలసి వచ్చిందాయనకి. అమ్మ పెరట్లో అరిసెలు వండుతుండగా వచ్చి, జున్ను ఒంటినిండా మైదా జిగురు పూసి దూది అంటించాడు. మెడకు ఎర్ర రిబ్బను, మువ్వ.

“వద్దు చిన్నాన్నా, దానికి బయం,” అని ఎస్తేరు ఆయన కాళ్లకు చుట్టుకుంది.

“ఒసే, ఏటే ఆ ఏడుపు! ఏసుబాబు పక్కన కూకుంటాది. ఎలక జన్మకి ఇంతకంటే ఏటి కావాల?”

పండగ ముందు రాత్రి చర్చిలో అందరూ నవ్వారు, మెచ్చుకున్నారు. జున్ను గడ్డిలో దూరాలని కదిలితే మువ్వ మోగేది. ఆ మోతకు బెదిరి ఇంకో మూలకు పరిగెత్తేది, అక్కడా మోగేది. చివరకు కదలడం మానేసి, ఒంటి మీది జిగురు నాకుతూ దూది నమిలి మింగింది.

పండగనాడు పొద్దున్నకి దాని పొట్ట రాయిలా బిగిసింది. గరిక ముట్టలేదు. ఎస్తేరు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాన్న తెచ్చిన మాడుగుల హల్వా ఆకులో అలాగే ఉంది. మధ్యాహ్నానికి జున్ను పోయింది. కొత్త పంచె కట్టుకుని భోజనానికి వచ్చిన చిన్నాన్న, “ఎలకే కదేటి, ఇంకోటి తెత్తాన్లే,” అన్నాడు. అమ్మ ఆయన ముందున్న విస్తరి లాగేసింది.

“లెగు బాబూ. పండగ పూట పిల్ల ఒళ్లోన సావు పెట్టేవు. నా సేత్తో నీకు ఒడ్డించను.”

జత పోయాక మసి కుండలోంచి రావడం మానేసింది. కొన్నాళ్లకు అదీ పోయింది. చిన్నాన్న మాత్రం సంఘ పెద్ద అయ్యాడు. నడివయసు దాటాక నేను అక్షరాలు నేర్చుకుని, కూడబలుక్కుని చదివిన తొలి రాతల్లో ఆయన సమాధి మీదిదొకటి. దయగలవాడట. నా కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

అల్లుడి చేత ఆ సామానంతా వెనక్కి పంపించేశాను. వీటి నడుం చక్రంలో వెనక్కి విరుచుకుపోతుంది. మూసిన బంతిలో దాక్కోడానికేముంది? పాత టీవీ అట్టపెట్టెకు టేపులూ పిన్నులూ పీకేసి కన్నాలు కోశాను. గరిక కోసం కాలవ గట్టు పొడుగునా నడిచాను. ఒకప్పుడు కాలు పెడితే మెత్తగా దిగబడే గరిక, ఇప్పుడు కలుపు మందు దెబ్బకు మాడిపోయింది, పచ్చగడ్డన్నదే లేదు. మందు కొట్టని చోటెక్కడని అడిగితే పొలంలో మనిషి నవ్వాడు.

“గడ్డి లేకుండా సెయ్యడానికే కదా మామ్మా మందు!”

చేసేది లేక మేడ మీద తొట్టెల్లో గరిక పెంచుతున్నాను. అవి రెండూ అట్టపెట్టెలో దూరి బయటికొస్తున్నాయి. షైనీ నేల మీద బోర్లా పడుకుని చూస్తుంది. నాతో మాత్రం మాట్లాడదు. ఎన్నాళ్లయినా మాట్లాడకపోనీ. ఎస్తేరు ఆ పండగపూట ఒళ్లో మోసింది మా షైనీ గుంట మొయ్యకూడదు.