ద్వారపాలకుడి ముక్కు

ఆళ్లగడ్డలో ఒక మనిషి ఏడాది పొడుగునా చెక్కిన ముక్కులను నేను నంద్యాలలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒక్క మధ్యాహ్నంలో ఊడగొట్టాను. ఒకటీ రెండూ కాదు, నలభై ముక్కులు. ఉలి ముట్టలేదు, సుత్తి ముట్టలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నామీద నాకే ఒళ్ళు మండుతుంది. మీరు నవ్వుకోండి. నేను మాత్రం పళ్ళు కొరుకుతూనే చెబుతాను.

అప్పటికి మూడు నెలల కోర్సు చేసి వెబ్‌సైట్లు తయారు చేయడం నేర్చుకున్నాను. చదువు మూడు నెలలది, పొగరు నల్లమలంత. నా మొదటి గిరాకీ ఆళ్లగడ్డ శిల్పి బ్రహ్మయ్యాచారి. ఆయన విగ్రహాలు పూర్తయినవి పూర్తయినట్టే లారీ ఎక్కి పోతుంటాయి. వాటి ఫొటోలు వెబ్‌సైట్‌లో ఉంటే దూరపువాళ్ళు చూసి పని ఇస్తారని ఆయన ఆశ. పెద్ద కెమెరా అరువు తెచ్చుకుని, ఏడాది పాటు బస్సుల్లో తిరిగి, నలభై విగ్రహాలను ఫొటోలు తీశాను. ఒక్కో ఫొటో ఎంత బరువంటే, దానికన్నా ఆ విగ్రహాన్ని మోసుకుపోవడమే తేలిక! బరువు తగ్గించి పెట్టాలని కోర్సులో చెప్పారట. ఆ రోజు నేను కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాను. ఉన్నవి ఉన్నట్టే సైట్‌లో పడేశాను.

వారానికే ఆచారి ఫోన్.

“ఏందమ్మా ఇది? హోస్పేట గుడి కమిటీ వాళ్ళు ఫోన్ చేసినారు. ద్వారపాలకుని కిరీటం కనపడిందంట. మొగం యాడ? బువ్వ తినేసి వచ్చినా రాలేదంట!”

“వాళ్ళ నెట్టు మంచిది కాదన్నా.”

“నా ఫోన్లో కూడా అంతే. మెడ కాడ నిలబడిపోయింది!”

“నీ ఫోను పాతదన్నా.”

“అందరివీ చెడిపోయి నీదొకటే బాగుందా? జత ద్వారపాలకులు చెక్కే పని అది. రేపు కమిటీ అంతా కూర్చుని చూస్తారంట. బేగా సరిచెయ్యి. పని పోయిందో, మీ ఊరికొచ్చి అడుగుతా!”

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు అది ఇంకొకరి ముక్కుల మీద పడింది.

ఫొటోల బరువు తగ్గించే సాఫ్ట్‌వేర్ తెరిచాను. నాణ్యత ఎంత ఉంచాలో చెప్పే మీట ఒకటి అందులో ఉంటుంది. వందలో ఎనభై దగ్గర పెడితే బరువు బాగా తగ్గుతుంది, కంటికి తేడా తెలియదు. “బరువే కదా మీ ఏడుపు!” అని దాన్ని ఐదుకు లాగాను. ‘పాత ఫొటోల స్థానంలోనే కొత్తవి పెట్టమంటారా?’ అని అడిగింది పాపం. “పెట్టవే!” అన్నాను. కోపంలో ఉన్న మనిషిని మిషన్లు కూడా ప్రశ్నలు అడగకూడదు.

ఫోన్లో సైట్ తెరిస్తే చిటికెలో వచ్చింది. అంత చిన్న తెర మీద అందరూ అందగాళ్ళే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఫోన్లో గెలిచి టీవీలో ఓడాను. ఎందుకంటే మర్నాడు హోస్పేటలో కమిటీ వాళ్ళు గోడంత టీవీ ముందు కూర్చున్నారు.

“పాపా, నువ్వు ఈడికి రా,” అన్నాడు ఆచారి ఫోన్లో.

“ఏం అన్నా? ఇంకా తెరుచుకోలేదా?”

“తెరుచుకుంది. తెరుచుకోకున్నా బాగుండు! బస్సెక్కు.”

ఆయన షెడ్డులో ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. ద్వారపాలకుడి మొహం వానకు తడిసిన బెల్లం దిమ్మలా ఉంది. చేతిలో గద సొరకాయ. నంది అయితే బురదలోంచి లేచొచ్చిన దున్న.

“కమిటీ వాళ్ళు ఏమన్నారో తెలుసునా? ‘పని సగంలో ఇడిసిపెడతాండావా ఆచారీ’ అన్నారు. నన్ను! పని ఇంకొకరికి ఇచ్చేసినారు. ఒక ముక్కు చెక్కేదానికి నాకు మూడు దినాలు పడతాది. నువ్వు ఎంతసేపట్లో తీసేస్తివి?”

“నలభైకి కలిపి... రెండు నిమిషాలన్నా.”

ఆయన చేతిలోని ఉలి పక్కన పెట్టేశాడు. “సరే, అసలు ఫొటోలు పెట్టు.”

“అవి లేవన్నా. వాటి మీదే ఇవి పడినాయి.” కెమెరా కార్డు ఎప్పుడో తుడిచి ఇచ్చేశాను. విగ్రహాలు చాలావరకు ఊళ్ళు దాటిపోయాయి. షెడ్డులో మిగిలినవి ఆరు.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

“రాయిలో తీసెయ్యాల్సింది తీస్తే బొమ్మ పాపా. తీసెయ్యకూడనిది తీస్తే కంకర,” అని అటు తిరిగి కూర్చున్నాడు.

ఆ ఆరింటినీ మళ్ళీ ఫొటోలు తీశాను. ఈసారి ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని మీట మెల్లగా కిందికి జరిపాను. “ఆడ నిలుపు. కంటి రెప్ప పోతాండాది,” అన్నాడు. డెబ్బై ఎనిమిది! మూడు నెలల కోర్సులో నాకు ఎక్కనిది ఆ మనిషి కన్ను ఒక్క చూపులో పట్టేసింది. నాకు ఇంకా మండింది.

కొత్తవి సైట్‌లో పెట్టబోతుంటే ఆయన ఫోన్ మోగింది. చేతులకు రాతిదుమ్ము ఉందని స్పీకర్ పెట్టాడు. బెంగళూరులో అపార్ట్‌మెంట్లు కట్టించే పెద్దమనిషి.

“సార్, మీ సైట్‌లో ఆ గద పట్టుకున్న బొమ్మ చూశాం. కళ్ళు, ముక్కు ఏమీ లేకుండా భలే మోడ్రన్‌గా ఉంది. మా గేటుకు అచ్చం అలాంటివే రెండు కావాలి. ముక్కు మాత్రం పెట్టొద్దు.”

ఆచారి మొహం కాలిన ఇటుకైంది. “ముప్పయ్యేండ్లుగా ముక్కులు చెక్కతాండా నేను! నాకు చెప్తావా? అది నా చేతి బొమ్మ కాదప్పా. చేసినామె ఈడే ఉండాది, ఆమెనే అడుగు!” అని ఫోను నా చేతిలో కుక్కాడు.

“నమస్తే మేడం,” అంది ఆ గొంతు ఎంతో భక్తిగా. “మీరు ఏ ఉలి వాడతారు?”

అందుకే నలుగురి ముందూ నిలబడి ప్రమాణం చేస్తున్నాను. అసలు ఫొటోలు రెండుచోట్ల దాచకుండా ఏ మీటా ముట్టను. కోపం దిగేదాకా కంప్యూటర్ తెరవను. ఈ రెండోది నిలబెట్టుకుంటే మాత్రం నా వ్యాపారం మూసుకోవాల్సిందే.